ఫీజు కోసం పెట్టిన పార్టీ: ‘హౌస్ పార్టీ 2’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. సినిమా మొదలయ్యేలోపు నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందే ఒక సంగతి తేల్చేద్దాం. ఇవాళ మనం చూడబోయే ‘హౌస్ పార్టీ 2’ గొప్ప సినిమా ఏమీ కాదు. 1991 అక్టోబరులో అమెరికాలో విడుదలైంది, జనాన్ని నవ్వించింది, పెట్టిన డబ్బు రాబట్టుకుంది. మొదటి భాగం పక్కన పెట్టి చూస్తే దీంట్లో సాగదీత ఎక్కువ. కొన్ని జోకులు ఇప్పుడు వింటే ఇబ్బందిగా కూడా ఉంటాయి. అయినా ఏ సినిమా వేద్దామని అడిగినప్పుడు పట్టుబట్టి దీన్నే అడిగాను. కాలేజీ కామెడీ అంటే మనకి తెలిసిందే కదా. ప్రేమ ఉంటుంది, హాస్టల్ అల్లరి ఉంటుంది, తిట్టే ప్రొఫెసర్ ఉంటాడు. ఫీజు మాత్రం ఎవరో, ఎప్పుడో, తెర వెనక కట్టేస్తారు. ఈ సినిమాలో ఫీజే కథ. ఇద్దరు స్నేహితులు, ఒకే ఒక్క చెక్కు. ఒకడికి అది కాలేజీ, రెండోవాడికి అది పాట.

మొదటి భాగం చూడనివాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నట్టున్నారు, చేతులు చూస్తే తెలుస్తోంది. రెజినాల్డ్ హడ్లిన్ అనే కుర్రాడు హార్వర్డ్‌లో చదువుకుంటున్నప్పుడు ఒక చిన్న సినిమా తీశాడు. దాన్నే పెంచి 1990లో ‘హౌస్ పార్టీ’గా తీశాడు. నిర్మాత వాళ్లన్న వారింగ్టన్ హడ్లిన్. న్యూ లైన్ సినిమా సంస్థ పెట్టిన ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లు. వచ్చింది 2 కోట్ల 60 లక్షల డాలర్ల దాకా. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతులు కూడా వచ్చాయి. కథ ఇంతే: స్కూల్లో గొడవ పడ్డందుకు ఇల్లు కదలొద్దని తండ్రి కట్టడి చేస్తాడు. కొడుకు కిడ్ తండ్రి కళ్లుగప్పి స్నేహితుడు ప్లే ఇంట్లో పార్టీకి చెక్కేస్తాడు. తండ్రి వాడి కోసం వీధులన్నీ గాలిస్తూ తిరుగుతాడు. అంతా ఒక్క రాత్రిలో అయిపోతుంది. తెల్లారేలోపు ఇంటికి చేరాలన్న టెన్షన్ సినిమా మొత్తాన్ని లాక్కుపోతుంది.

కిడ్, ప్లే అన్నవి పాత్రల పేర్లే కాదు, నిజంగానే వాళ్లు కిడ్ అండ్ ప్లే. క్రిస్టఫర్ రీడ్, క్రిస్టఫర్ మార్టిన్ అనే ఇద్దరు న్యూయార్క్ ర్యాపర్లు. 1988లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. సాల్ట్-ఎన్-పెపా అనే అమ్మాయిల ర్యాప్ బృందాన్ని పైకి తెచ్చిన హర్బీ ఎజార్ వీళ్లకీ గురువు లాంటివాడు. కిడ్‌ని చూస్తే మరిచిపోలేరు. తల మీద ఇటుకలు పేర్చినట్టు నిలువుగా పెరిగిన జుట్టు. వాళ్ల డాన్సు, వాళ్ల ర్యాప్ రెండింట్లోనూ కోపం కంటే హుషారు ఎక్కువ. 1990లో పిల్లల కోసం వాళ్ల బొమ్మలతో ఒక కార్టూన్ సీరియల్ కూడా టీవీలో వచ్చిందంటే, ఏ ఇంట్లోవాళ్లయినా భయపడకుండా పిల్లలకి చూపించగల ర్యాపర్లన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి సినిమాలో తండ్రి వేషం వేసింది రాబిన్ హారిస్. స్టాండప్ కమెడియన్. తిట్టినా ప్రేమగా ఉండే మనిషి. చాలామంది ఆ సినిమాని ఆయన కోసమే గుర్తుపెట్టుకున్నారు. సినిమా 1990 మార్చి 9న విడుదలైంది. తొమ్మిది రోజులకే, మార్చి 18న, షికాగోలో ఆయన నిద్రలోనే పోయాడు. వయసు 36. సినిమా హిట్టయింది, రెండో భాగం కావాలి, కథకి వెన్నెముక లాంటి తండ్రి లేడు. ఇలాంటప్పుడు సాధారణంగా ఏం చేస్తారు? ఇంకో నటుణ్ని పెడతారు, లేదా తండ్రి ఊళ్లో లేడని ఒక్క డైలాగుతో సరిపెడతారు. వీళ్లు అలా చేయలేదు. కథలోనూ తండ్రి చనిపోయాడనే పెట్టుకున్నారు. పాత దృశ్యాలతో ఆయన్ని తలుచుకుని, సినిమాని ఆయనకే అంకితమిచ్చి మొదలుపెట్టారు.

ఆ ఒక్క నిర్ణయం వల్ల మిగతా కథ అంతా మారిపోయింది. తండ్రి ఉంటే ఎలాగోలా ఫీజు ఆయనే చూసుకునేవాడు. లేడు కాబట్టి కిడ్‌ని కాలేజీకి పంపే భారం చర్చి తీసుకుంటుంది. వాడి చదువు కోసం స్కాలర్‌షిప్ డబ్బు పోగుచేసి చెక్కు ఇస్తారు. అంటే అది ప్రభుత్వం ఇచ్చింది కాదు, బ్యాంకు ఇచ్చింది కాదు. ఆదివారం ప్రార్థనకి వచ్చే మనుషులు తమ పర్సుల్లోంచి తీసి వేసిన డబ్బు. దాన్ని పోగొట్టుకోవడం అంటే ఒకడి డబ్బు పోవడం కాదు, తిరిగి వెళ్లి అంతమంది మొహాలు చూడాల్సి రావడం. కామెడీకి ఇంత బరువు ఎలా వచ్చిందో చూడండి.

హడ్లిన్ సోదరులు రెండో భాగానికి రాలేదు. వాళ్లు ఎడ్డీ మర్ఫీతో ‘బూమరాంగ్’ వైపు వెళ్లిపోయారు, అది 1992లో వచ్చింది. దీనికి దర్శకులు ఇద్దరు: డగ్ మెక్‌హెన్రీ, జార్జ్ జాక్సన్. అదే 1991లో ‘న్యూ జాక్ సిటీ’ నిర్మించినవాళ్లు, ప్రధానంగా నిర్మాతలు. ఆ తేడా తెలుస్తుంది. కెమెరా హడ్లిన్ చేతిలో ఉన్నంత చలాకీగా ఉండదు. న్యూ లైన్ సంగతి చెప్పక్కర్లేదు. ‘నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ భాగాల మీద భాగాలు తీసి పెరిగిన సంస్థ అది, హిట్టయిన దాన్ని చల్లారనివ్వదు. ఏడాదిన్నర దాటగానే రెండో భాగం థియేటర్లో ఉంది. మొదటి భాగాన్ని నడిపింది గడియారం. ఇక్కడ ఆ పని చేసేది ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ. ఆఖరు తేదీకి గడియారం అంత పరుగు ఉండదు, అందుకే మధ్యలో కాస్త నిదానిస్తుంది. ఓపిక పట్టండి.

కథ ఎక్కువ చెప్పను, చూడబోతున్నారు కాబట్టి. కిడ్ కాలేజీలో చేరతాడు. ప్లేకి చదువు మీద ధ్యాస లేదు, మనం ర్యాప్‌లో పైకొస్తే ఈ పుస్తకాలెందుకురా అనే రకం. కిడ్ ఫీజు చెక్కు ప్లే చేతిలో పడుతుంది. వాడికి షీలా అనే ఒకావిడ పరిచయం. ఖరీదైన బట్టలు, తీయటి మాటలు, రికార్డింగ్ కాంట్రాక్ట్ ఇప్పిస్తానంటుంది. కాస్త డబ్బు పెట్టాలంటుంది. చెక్కు ఆమె చేతికి పోతుంది, ఆమె కనపడకుండా పోతుంది. ఆ వేషం వేసింది సోమాలియాలో పుట్టిన ప్రసిద్ధ మోడల్ ఇమాన్. భలే ఎంపిక. మనకే నమ్మాలనిపిస్తుంది, పాపం ప్లే ఎంత! (నవ్వులు)

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. షీలా చేసింది పచ్చి మోసం. సంగీత వ్యాపారంలో ఇలాంటి మోసాన్ని గుర్తుపట్టడం తేలికే. నిజమైన రికార్డు కంపెనీ కొత్త కుర్రాళ్లని డబ్బు అడగదు, తనే ఇస్తుంది. అడ్వాన్స్ అంటారు. అసలు చిక్కంతా ఆ ఇవ్వడంలోనే ఉంది. అడ్వాన్స్ బహుమతి కాదు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, ఇంకా రకరకాల ఖర్చులు కళాకారుడి రాయల్టీలోంచే, అంటే అమ్మకాల్లో అతనికి రావాల్సిన వాటాలోంచే, మినహాయించుకుంటారు. అవన్నీ తీరేదాకా అతని చేతికి రాయల్టీ రూపంలో ఏమీ రాదు. పాట రేడియోలో మోగుతూనే ఉంటుంది, పాడినవాడు అప్పులోనే ఉంటాడు. షీలా ఒక్క చెక్కు పట్టుకుని పారిపోయింది. కాంట్రాక్టు అయితే ఏళ్ల తరబడి ఇంట్లోనే కూర్చుంటుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1994లో వచ్చిన ‘హౌస్ పార్టీ 3’లో కిడ్, ప్లే మేనేజర్లుగా మారి ఒక అమ్మాయిల ర్యాప్ బృందాన్ని నడుపుతుంటారు. ఆ బృందంగా నటించింది టీఎల్‌సీ. అదే ఏడాది చివర్లో టీఎల్‌సీ వాళ్ల ‘క్రేజీసెక్సీకూల్’ ఆల్బమ్ వచ్చి కోటికి పైగా అమ్ముడుపోయింది. 1995లో ఆ ముగ్గురమ్మాయిలు దివాలా పిటిషన్ వేశారు. పైకి చూస్తే నంబర్ వన్, లెక్క చూస్తే చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇక ఈ సినిమా విడుదలకి సరిగ్గా నెల ముందు, 1991 సెప్టెంబరులో, ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ అనే బృందం ‘ది లో ఎండ్ థియరీ’ ఆల్బమ్ తెచ్చింది. రికార్డు కంపెనీ మనుషుల్ని నమ్మొద్దనే మాట అందులో ఒక పాటలోనూ ఉంది, ఇంకో పాట మొత్తం ఆ వ్యాపారం మీదే ఉంది. అంటే ఆ సంగతి అప్పటి ర్యాప్ లోకంలో అందరికీ తెలుసు. ప్లేకి తెలియకపోవడమే జోకు.

ఇంకో తమాషా ఉంది. రెండు సినిమాల్లోనూ కిడ్ వెంటపడి తన్నడానికి తిరిగే ముగ్గురు రౌడీలు ఉంటారు. వాళ్లని చూసి మనం నవ్వుకుంటాం. ఆ ముగ్గురూ ‘ఫుల్ ఫోర్స్’ అనే బ్రూక్లిన్ బృందం సభ్యులు. లీసా లీసా అండ్ కల్ట్ జామ్ అనే ఇంకో బృందానికి 1987లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లిన పాటలు రాసి, నిర్మించినవాళ్లు. అంటే ఈ సినిమా మొత్తంలో సంగీతంలో విజయం అంటే ఏంటో బాగా తెలిసిన మనుషులు తెర మీద గూండాలుగా తిరుగుతున్నారు. ప్లే వాళ్లని అడిగి ఉంటే సరిపోయేది.

సరే, కాలేజీ వైపు వద్దాం. అమెరికాలో పేద పిల్లల చదువుకి పెల్ గ్రాంట్ అని ప్రభుత్వ సాయం ఉంది, తిరిగి కట్టక్కర్లేదు. 1991-92లో దాని గరిష్ఠ మొత్తం ఏడాదికి 2,400 డాలర్లు. ప్రైవేట్ కాలేజీల ఫీజు దానికి ఎన్నో రెట్లు. 1980ల పొడుగునా ఊరికే ఇచ్చే సాయం తగ్గుతూ, విద్యార్థుల అప్పుల వాటా పెరుగుతూ వచ్చింది. కిడ్ లాంటివాడికి మిగిలేవి మూడే దారులు: అప్పు, క్యాంపస్‌లో ఉద్యోగం, ఊరివాళ్ల చందా. చందా పోయింది. ఇక కాలేజీ భోజనశాలలో పనిచేస్తే ఎంతొస్తుంది?

అందుకని పార్టీ పెడతారు. పైజామాలు, నైటీలు వేసుకొస్తేనే లోపలికి రానిస్తారు, టికెట్టు కొనాలి. సినిమాలో అందరికీ గుర్తుండేది ఈ ఘట్టమే. చూడ్డానికి అల్లరిగా ఉంటుంది. నేను ఈ సినిమా ఎంచుకోవడానికి అసలు కారణం మాత్రం ఇదే.

1920ల్లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతివారి దగ్గర ఇంటి అద్దెలు ఎక్కువ వసూలు చేసేవాళ్లు, జీతాలేమో తక్కువ. నెలాఖరుకి అద్దె డబ్బు తక్కువ పడితే ఏం చేసేవాళ్లంటే, శనివారం రాత్రి ఇంట్లో సామానంతా ఓ మూలకి జరిపి పార్టీ పెట్టేవాళ్లు. గుమ్మం దగ్గర కొన్ని సెంట్లు తీసుకునేవాళ్లు. ఇంట్లో వండింది అమ్మేవాళ్లు. ‘రెంట్ పార్టీ’ అని పేరు. పియానో దగ్గర ఎవరు కూర్చునేవాళ్లో తెలుసా? జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్. జాజ్ చరిత్రలో పెద్ద పేర్లు, ఆ ఇళ్లలో తెల్లవార్లూ వాయించి రాటుదేలినవాళ్లు. ఆహ్వానానికి చిన్న కార్డులు అచ్చేసేవాళ్లు, వాటి మీద ప్రాస కుదిర్చిన రెండు పంక్తులు ఉండేవి. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ కార్డులు ఇష్టంగా పోగుచేసి దాచుకున్నాడు. అద్దె కట్టడానికి పెట్టిన ఆ పార్టీలు ఒక సంగీతాన్నే పెంచాయి.

ఇప్పుడు యాభై ఏళ్లు ముందుకి రండి. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోనే బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి స్కూలు తెరిచే వేళకి కొత్త బట్టలు కొనుక్కోవాలని ఉంది, డబ్బు లేదు. కింద ఉన్న హాలు అద్దెకు తీసుకుని పార్టీ పెట్టింది. అమ్మాయిలకి 25 సెంట్లు, అబ్బాయిలకి 50 సెంట్లు. రికార్డులు వేసింది వాళ్లన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్ము మాత్రమే మోగే ముక్క దగ్గరే జనం ఎక్కువ ఊగుతున్నారని గమనించిన మనిషి అతను. ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వినిపించే పద్ధతిని పెంచింది అతనే. హిప్‌హాప్, అంటే ర్యాప్ పెరిగిన ఆ సంగీతం, పుట్టినరోజు అని ఇవాళ అందరూ చెప్పుకునేది ఆ రాత్రినే.

గమనించారా? హిప్‌హాప్ పుట్టిన పార్టీయే స్కూలు ఖర్చు కోసం పెట్టిన పార్టీ. మొదటి ‘హౌస్ పార్టీ’లో పార్టీ అంటే ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు పెట్టుకున్న సరదా. రెండో దాంట్లో పార్టీ అంటే ఫీజు. విమర్శకులు రెండో భాగం మొదటిదాని ఉత్సాహాన్ని పోగొట్టుకుందని అంటారు, ఒప్పుకుంటాను. కానీ పార్టీ విషయంలో మాత్రం రెండోదే ఆ సంగీతం మూలానికి దగ్గరగా వెళ్లింది. దర్శకులు ఇదంతా తెలిసి పెట్టారో, కథ నడవడానికి పెట్టారో అన్నది నాకు ముఖ్యం కాదు. రికార్డు కంపెనీని నమ్మితే పోయిన డబ్బుని ఎక్కడ వెతుక్కోవాలంటే, తలా ఒక టికెట్టు కొని డాన్సు చేసే జనం దగ్గర. షీలా ఆఫీసులో ప్లే మాటల్నీ, పార్టీలో స్టేజి మీద వాళ్లిద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిచోట వాడు స్టార్ అవుదామని చూస్తున్నాడు, రెండోచోట అప్పటికే స్టార్. ఆ రాత్రి డబ్బు ఏమైందో, కిడ్ చదువు నిలిచిందో లేదో మాత్రం చెప్పను, తెర మీదే చూడండి.

ఇక నాకు నచ్చనివి. ఆ పైజామా పార్టీలో కెమెరా అమ్మాయిల్ని చూసే తీరు చిరాకు పుట్టిస్తుంది. చవకబారుతనం అనే అనాలి. అంతకంటే పెద్ద లోటు జోరా పాత్ర. క్వీన్ లతీఫా వేసింది. కిడ్ ప్రేయసి సిడ్నీకి హాస్టల్ రూమ్మేట్, మగవాళ్ల మాటల్ని ఓ పట్టాన నమ్మని అమ్మాయి. 1989లోనే ‘ఆల్ హెయిల్ ద క్వీన్’ ఆల్బమ్‌తో ర్యాప్‌లో ఆడవాళ్ల గొంతు గట్టిగా వినిపించిన మనిషిని తీసుకొచ్చి, ర్యాపర్లు కావాలనుకునే కుర్రాళ్ల కథలో పక్క పాత్రగా కూర్చోబెట్టారు. ఆ కథలో సంగీతం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడే కావచ్చు. ఇందులోనే ఉన్న మార్టిన్ లారెన్స్, టిషా క్యాంప్‌బెల్ మరుసటి ఏడాదే ‘మార్టిన్’ అనే టీవీ సీరియల్లో భార్యాభర్తల దాకా వెళ్లే జంటగా దుమ్ము దులిపారు. లతీఫా తర్వాత ఎక్కడిదాకా వెళ్లారో మీకు తెలుసు. అంతటి వాళ్లు ఇక్కడ ఉన్నారు, వాడుకోవడం మాత్రం చేతకాలేదు.

కిడ్ అండ్ ప్లేకి ఇదే సంవత్సరం మలుపు. 1991 మేలో బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్ చార్టుని సౌండ్‌స్కాన్ లెక్కలతో వేయడం మొదలుపెట్టింది. అంటే షాపువాళ్లని ఫోన్లో అడిగి రాసుకోవడం పోయి, కౌంటర్లో బార్‌కోడ్ లెక్క వచ్చింది. జూన్‌లోనే ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం మొదటి స్థానంలో కూర్చుంది. జనం నిజంగా ఏది కొంటున్నారో బయటపడింది, అది కోపంగా ఉన్న ర్యాప్. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇంటిల్లిపాదీ చూడగల ర్యాపర్లని? వాళ్లకి చోటు ఇరుకైపోయింది. ఆ ఏడాది వచ్చిన ‘ఫేస్ ద నేషన్’ వాళ్ల ఆఖరి ఆల్బమ్. డిసెంబరులో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద వచ్చిన కోర్టు తీర్పుతో, కొత్త పాటలో పాత పాటల ముక్కలు వాడుకోవాలంటే అనుమతులు, ఖర్చు తప్పనిసరి అయ్యాయి. కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్ల మీద, అంటే రికార్డు ప్లేయర్ల మీద, ఊరికే చేసిన పనికి వకీళ్లు కావాల్సొచ్చింది.

మరి వాళ్లిద్దరూ ఏమయ్యారని అడుగుతారు. కిడ్, అంటే క్రిస్టఫర్ రీడ్, స్టాండప్ కామెడీ, నటన వైపు వెళ్లాడు. ప్లే, అంటే క్రిస్టఫర్ మార్టిన్, సినిమాలో చదువొద్దని తిరిగినవాడు, తర్వాతి కాలంలో నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులకి పాఠం చెప్పాడు. 1910లో నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన సంస్థ అది. చెప్పిన పాఠాల్లో హిప్‌హాప్ ఉంది. నైన్త్ వండర్ అనే సంగీత నిర్మాతతో కలిసి చెప్పాడు.

సినిమా గంటన్నర పైచిలుకు. అయ్యాక ఉండగలిగినవాళ్లు ఉండండి, జోరా సంగతి మీద నాతో గొడవ పడేవాళ్లు తప్పకుండా ఉండండి. వెనక వరసలో నిలబడ్డవాళ్లకి ఇటు ముందు కుర్చీలు ఖాళీ ఉన్నాయి, వచ్చి కూర్చోండి. వేసేద్దామా?